ప్రోటీన్ మడతలో థయాల్ ఆక్సీకరణం: ఈస్ట్ ఎంజైముల అన్వేషణ చరిత్ర

ప్రవేశిక

జీవకణంలో తయారయ్యే ప్రతి ప్రోటీనూ మొదట ఎమైనో ఆమ్లాల పొడవైన గొలుసుగా వెలువడుతుంది. ఆ గొలుసు తనకు తగిన ఆకృతిలోకి మడతపడినప్పుడే దాని పని అది చేయగలుగుతుంది. కణం వెలుపలికి పోవలసిన ప్రోటీన్లలో అనేకానికి ఆ మడతను బిగించి నిలిపేది రెండు గంధక పరమాణువుల మధ్య ఏర్పడే డైసల్ఫైడ్ బంధం. సిస్టీన్ అనే ఎమైనో ఆమ్లానికి గంధకం, ఉదజని కలిసిన థయాల్ సమూహం ఒకటి ఉంటుంది. రెండు సిస్టీన్లు తమ ఉదజనులను వదులుకొని గంధకాన్ని గంధకంతో ముడివేసుకోవడమే థయాల్ ఆక్సీకరణం. ఒక్కొక్క ముడికి రెండేసి ఎలక్ట్రాన్లు విడుదలవుతాయి. విడుదలైన ఎలక్ట్రాన్లు ఊరకే ఉండవు. వాటిని ఎవరో ఒకరు అందుకోవాలి.

అందుకొనేది ఎవరు? ఈ చిన్న ప్రశ్నకు నమ్మదగిన సమాధానం దొరకడానికి దాదాపు నాలుగు దశాబ్దాలు పట్టింది. ఆ సమాధానం ప్రధానంగా రొట్టెపిండిని పొంగించే ఈస్ట్ నుండి లభించింది. అంతకుముందు పాఠ్యగ్రంథాలలో స్థిరపడిన సమాధానం ఒకటి ఉంది. దానిని బలపరిచే ప్రయోగాలూ ఉన్నాయి, కొలతలూ ఉన్నాయి. అయినా అది నిలవలేదు. అది ఎలా స్థిరపడింది, ఎలా వెనుకపడింది, దాని స్థానంలోకి వచ్చిన ఎంజైములు ఏవి అన్న విషయాలను కాలక్రమంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదం వెనుక ఈస్ట్

ఎంజైము అన్న పేరులోనే ఈస్ట్ ఉంది. 1877లో జర్మన్ శరీరధర్మ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ క్యూనె ‘ఈస్ట్‌లో ఉన్నది’ అనే అర్థం వచ్చే గ్రీకు మాటల నుండి ఈ పదాన్ని కూర్చాడు. తెలుగులోనూ ఇదే బంధుత్వం కనిపిస్తుంది. పులియబెట్టే పదార్థాన్ని సూచించే ‘కిణ్వం’ అన్న సంస్కృతపదం నుండే పులియడానికి ‘కిణ్వనం’ అన్న శాస్త్రపదం ఏర్పడింది. మాంసకృత్తులు అన్న మాట ప్రోటీన్‌ను మాంసానికి ముడిపెట్టి కొంత దారి తప్పిస్తుంది గాని, కిణ్వనం అన్న మాట మాత్రం తన పుట్టుకను దాచుకోలేదు.

గంధకంతో ఈస్ట్‌కు గల సంబంధం గుర్తింపునకు వచ్చిందీ ఆ కాలంలోనే. 1888లో ఫ్రాన్సుకు చెందిన జోసెఫ్ ద రే-పెలాడ్ ఈస్ట్ సారంలో గంధకపు పొడిని కలిపితే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు వెలువడుతుందని గమనించాడు. అందుకు కారణమైన పదార్థానికి ‘గంధకప్రియం’ అనే అర్థంలో ఫిలోథయోన్ అని పేరుపెట్టాడు. 1921లో కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ గౌలాండ్ హాప్కిన్స్ థయాల్ గల ఒక చిన్న అణువును ఈస్ట్ నుండీ కండరం నుండీ వేరుచేసి, ఆ పాత పేరును తలపించేలా గ్లూటాథయోన్ అన్నాడు. అది గ్లుటామిక్ ఆమ్లం, సిస్టీన్, గ్లైసీన్‌ల కూడిక అని ఆ దశాబ్దం చివరికి తేలింది. కణంలో విరివిగా దొరికే ఈ అణువు రెండు రూపాలలో ఉంటుంది. థయాల్ విడిగా ఉన్నది క్షయకరణ రూపం. రెండు అణువులు గంధకం ద్వారా జతకూడినది ఆక్సీకృత రూపం. మన కథలో మొదట నాయకస్థానం పొంది, తరువాత దానిని కోల్పోయేది ఈ అణువే.

ఆన్ఫిన్సెన్ ప్రయోగం, మిగిలిన సందేహం

అమెరికాలోని బెథెస్డాలో జాతీయ ఆరోగ్య సంస్థలలో పనిచేసిన క్రిస్టియన్ ఆన్ఫిన్సెన్ ఆవు క్లోమం నుండి తీసిన రైబోన్యూక్లియేజ్‌ను ప్రయోగానికి ఎంచుకున్నాడు. దానిలో 124 ఎమైనో ఆమ్లాలు, 8 సిస్టీన్లు, 4 డైసల్ఫైడ్ బంధాలు ఉన్నాయి. యూరియాతోనూ, గంధక బంధాలను విడదీసే రసాయనంతోనూ దాని మడతనంతా విప్పివేసి, తరువాత ఆ రెండింటినీ తొలగించి గాలి తగిలేలా ఉంచితే అది మళ్లీ తన సహజరూపాన్ని పొందింది. 8 సిస్టీన్లు నాలుగు జతలుగా కలిసే విధానాలు 105 ఉన్నాయి. వాటిలో సరైనది ఒక్కటే. గొలుసు ఆ ఒక్కదానినే చేరుకొన్నది కాబట్టి ఆకృతికి కావలసిన సమాచారమంతా ఎమైనో ఆమ్లాల క్రమంలోనే ఉందని ఆయన నిర్ధారించాడు. 1961లో వెలువడిన ఈ ఫలితాలకూ వాటి కొనసాగింపుకూ 1972లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం లభించింది.

ఈ నిర్ధారణకు వచ్చిన కీర్తి వెనుక ఒక లోటు మరుగునపడింది. పరీక్షనాళికలో ఈ పునర్నిర్మాణానికి గంటలు పట్టింది. కణంలో అదే పని నిమిషాలలో జరుగుతుంది. ఈ తేడాను అందరికంటే ముందు పట్టించుకున్నది ఆన్ఫిన్సెన్ ప్రయోగశాలే. 1963లో గోల్డ్‌బర్గర్, ఎప్‌స్టీన్, ఆన్ఫిన్సెన్ ఎలుక కాలేయపు మైక్రోసోములలో ఈ పనిని వేగిరపరిచే ఎంజైము ఉందని ప్రకటించారు. అదే సంవత్సరం హంగరీలో పాల్ వెనెటియానెర్, బ్రూనో స్ట్రాబ్ పక్షుల క్లోమంతో పనిచేసి, ఎవరికి వారుగా అదే ఫలితాన్ని చేరుకున్నారు. (కండరంలోని ఆక్టిన్‌ను కనుగొన్న స్ట్రాబ్ ఈయనే; 1988–89లో హంగరీ అధ్యక్షమండలికి అధిపతిగా ఉన్నవాడూ ఈయనే.) ఈ ఎంజైమే తరువాత ప్రోటీన్ డైసల్ఫైడ్ ఐసోమరేజ్‌గా, సంక్షిప్తంగా పి.డి.ఐ.గా ప్రసిద్ధమైంది.

అయితే ఐసోమరేజ్ అనగా అమరికను మార్చేది. తప్పుగా పడిన ముడిని విప్పి సరైన చోట వేయడం దాని ప్రధాన విద్య. కొత్త ముడి పడేటప్పుడు విడుదలయ్యే రెండు ఎలక్ట్రాన్లను అది తాత్కాలికంగా అందుకోగలదు గాని తనతోనే ఉంచుకోలేదు. ఒకసారి అందుకున్న తరువాత మరెవరికైనా అప్పగించకపోతే రెండవసారి పనిచేయలేదు. అందుచేత 1963 నాటి ఆవిష్కరణ ప్రశ్నను పరిష్కరించలేదు. ఒక మెట్టు వెనక్కు జరిపింది.

గ్లూటాథయోన్ సిద్ధాంతం

ఆ ఖాళీలోకి గ్లూటాథయోన్ ప్రవేశించింది. 1970లో సక్సేనా, వెట్లాఫర్ విప్పదీసిన లైసోజైమ్‌కు గ్లూటాథయోన్ రెండు రూపాలనూ తగుపాళ్లలో కలిపితే ఎంజైము లేకుండానే అది త్వరగా మడతపడుతుందని చూపారు. నాటి నుండి ప్రయోగశాలలలో ప్రోటీన్లను మడతపెట్టడానికి ఈ మిశ్రమాన్నే వాడడం పరిపాటి అయింది. పరీక్షనాళికలో పనికివచ్చినది కణంలోనూ అదే పని చేస్తూ ఉంటుందన్న భావన క్రమంగా అలవాటైపోయింది.

1992లో అమెరికాకు చెందిన హ్వాంగ్, సిన్‌స్కీ, లోడిష్ ఈ భావనకు గట్టి కొలతను సమకూర్చారు. కణద్రవ్యంలో క్షయకరణ రూపంలోని గ్లూటాథయోన్ ఆక్సీకృత రూపానికి 30 నుండి 100 రెట్ల వరకు ఉంటుంది. వెలుపలికి పంపే ప్రోటీన్లు మడతపడే స్థలమైన అంతర్జీవద్రవ్యజాలంలోనూ, దాని తరువాతి స్రావక మార్గంలోనూ ఈ నిష్పత్తి 1 నుండి 3 వరకే ఉన్నదని వారు తేల్చారు. గంధక బంధాలు ఏర్పడే చోట ఆక్సీకృత గ్లూటాథయోన్ విస్తారంగా ఉన్నది. కావున ఆ బంధాలకు కారణం అదే అని అనుకోవడం సహజం.

ఇక్కడ ఒక తార్కికమైన జారుడు ఉంది. రెండు విషయాలు ఒకేచోట కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి కారణము, రెండవది కార్యము కానక్కరలేదు. రెండూ మూడవదాని ఫలితాలు కావచ్చు. కొలత దోషరహితం, దాని నుండి తీసిన అనుమానమే తొందరపాటు. ఈ సంగతిని బయటపెట్టాలంటే కణంలో నుండి ఒక్కొక్క భాగాన్ని తీసివేసి ఏమవుతుందో చూడాలి. అందుకు జంతుకణాలు ఆనాడు అనువైనవి కావు. ఈస్ట్ అనువైనది.

1998: ఒకే సంచికలో ఒకే జన్యువు

బాక్టీరియాలో ఈ మార్గం అప్పటికే తెరుచుకుంది. 1991లో బార్డ్‌వెల్, మెక్‌గవర్న్, బెక్విత్ కోలై బాక్టీరియాలో గంధక బంధాలను ఏర్పరచే డి.ఎస్.బి.ఎ. అనే ప్రోటీన్‌ను జన్యుపద్ధతిలో పట్టుకున్నారు. గంధక బంధం దానంతట అదే ఏర్పడదని, దానికంటూ ప్రత్యేక యంత్రాంగం ఉందని ఆ పరిశోధన తెలిపింది. మరి కేంద్రకం గల కణాలలో దానికి సమానమైనది ఏది?

ఈస్ట్‌లో స్రావక మార్గపు జన్యువులను వెలికితీసే పద్ధతిని ర్యాండీ షెక్‌మన్ 1980 ప్రాంతంలోనే స్థిరపరిచాడు. మామూలు వేడిమిలో చక్కగా పెరిగి, ఎక్కువ వేడిమిలో మాత్రం లోపం బయటపడే ఉత్పరివర్తకాలను ఏరడం ఆ పద్ధతిలోని కిటుకు. ప్రాణాధారమైన జన్యువును పూర్తిగా తొలగిస్తే కణం చనిపోతుంది, పరిశీలించడానికి ఏమీ మిగలదు. వేడిమితో లోపాన్ని ఆడించగలిగితే జబ్బును కళ్లెదుట చూడవచ్చు. 1996లో ఈస్ట్ జన్యుక్రమం మొత్తం వెలువడడంతో పట్టుబడిన జన్యువు ఏదో గుర్తించడం మరింత సులభమైంది.

షెక్‌మన్ వద్ద పనిచేసిన క్రిస్ కైజర్ మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో అలిసన్ ఫ్రాండ్‌తో కలిసి ఇటువంటి ఉత్పరివర్తకం ఒకదానిని అధ్యయనం చేశాడు. వేడిమి పెంచగానే ఆ కణాలలో కార్బాక్సీపెప్టిడేజ్ వై అనే ప్రోటీన్ గంధక బంధాలు లేకుండా అంతర్జీవద్రవ్యజాలంలోనే చిక్కుబడిపోయింది. థయాల్‌లను ఆక్సీకరించే డయమైడ్ అనే రసాయనాన్ని బయటి నుండి అందిస్తే లోపం సరిదిద్దుకుంది. అంటే కణానికి కొరవడినది ఆక్సీకరణ శక్తే. సరిగా ఆ సమయంలోనే కాలిఫోర్నియాలో జొనాథన్ వైస్‌మన్ బృందం వేరొక దారిలో అదే జన్యువును చేరింది. ఈ రెండు పరిశోధనలూ 1998లో ఒకే పత్రిక ఒకే సంచికలో, ఒకదాని పక్కన ఒకటిగా అచ్చయ్యాయి. ఆ జన్యువుకు ఇ.ఆర్.ఓ.1 అని పేరు. అది తయారుచేసే ప్రోటీన్ ఎరో1. దానిని అధికంగా తయారుచేయించిన ఈస్ట్ గంధక బంధాలను విరిచే రసాయనాన్ని తట్టుకుంది. లోపించిన ఈస్ట్ కొద్దిపాటి మోతాదుకే లొంగిపోయింది. జన్యువును మొత్తంగా తొలగిస్తే ఈస్ట్ బతకదు.

1999: రెండు సమాధానాలు

మరుసటి సంవత్సరం ఈ చరిత్రలో అన్నింటికంటే ఆసక్తికరమైనది. ఒకే జీవిని ఆధారం చేసుకొని, ఒకే ఏడాదిలో రెండు బృందాలు దాదాపు ఎదురెదురు సమాధానాలు చెప్పాయి.

టెక్సస్‌లో ఆస్టిన్ విశ్వవిద్యాలయానికి చెందిన సుహ్, పౌల్సన్, జీగ్లర్, రాబర్టస్ ఈస్ట్‌లోని ఫ్లేవిన్ మోనోఆక్సిజనేజ్ అనే ఎంజైమును ముందుకు తెచ్చారు. ఇది ఎన్.ఎ.డి.పి.హెచ్. సహాయంతో, ఆమ్లజనిని వాడుకొని థయాల్‌లను ఆక్సీకరిస్తుంది. క్షయకరణ రూపంలోని గ్లూటాథయోన్‌ను ఆక్సీకృత రూపానికి మారుస్తుంది. జంతువుల కాలేయంలో ఈ కుటుంబానికి చెందిన ఎంజైములు మందులనూ విషపదార్థాలనూ మార్పుచేసే పనిలో ప్రసిద్ధమైనవి. ఈస్ట్‌లోనిది మాత్రం థయాల్‌లకే పరిమితమైనట్లు కనబడింది. అది అంతర్జీవద్రవ్యజాలపు పొరకు కణద్రవ్యం వైపున ఉంటుందని వారు చూపారు. దాని జన్యువును తొలగించిన కణాలలో గంధక బంధాలు గల ప్రోటీన్లు సరిగా మడతపడలేదు. ఆ బంధాలు లేని ప్రోటీన్లు మామూలుగానే మడతపడ్డాయి. జాలకంలోకి చేరే ఆక్సీకృత గ్లూటాథయోన్‌ను ఈ ఎంజైమే ఉత్పత్తి చేస్తుందని వారి వాదం. దీని మూలాలు పాతవి. మైక్రోసోములలోని ఇటువంటి ఎంజైము రైబోన్యూక్లియేజ్ పునర్నిర్మాణానికి తోడ్పడుతుందని పౌల్సన్, జీగ్లర్ 1977లోనే ప్రతిపాదించారు. రెండు దశాబ్దాల పాటు పట్టుకున్న ఆలోచన ఈస్ట్‌లో రుజువైనట్లు వారికి తోచి ఉండడంలో ఆశ్చర్యం లేదు. 2000లో వెలువడిన మరొక పరిశోధనలో, మడతపడని ప్రోటీన్లు పేరుకొన్నప్పుడు ఈ ఎంజైము తయారీ పెరుగుతుందని కూడా తేలింది.

అదే 1999లో కువాట్సో, కైజర్ గ్లూటాథయోన్ తయారీకి అవసరమైన జి.ఎస్.హెచ్.1 జన్యువును తొలగించి చూశారు. పాత సిద్ధాంతం నిజమైతే గంధక బంధాలు కుంటుపడాలి. కుంటుపడలేదు. పైగా ఎరో1 లోపించిన ఉత్పరివర్తకంలో గ్లూటాథయోన్‌ను కూడా లేకుండా చేస్తే కణం పరిస్థితి మెరుగుపడింది. దీని అర్థాన్ని నిలిచి ఆలోచించాలి. ఆక్సీకరణకు ఆధారమని ముప్పై ఏళ్లు నమ్మిన అణువు నిజానికి ప్రోటీన్ థయాల్‌లతో పోటీపడి ఎరో1 శక్తిని పంచుకుంటున్నది. జాలకంలోకి అది తెచ్చేది ఆక్సీకరణ కాదు, క్షయకరణ. 1992లో కొలిచిన నిష్పత్తి ఎరో1 పనికి గుర్తు. ఆ పనికి కారణం కాదు. మితిమీరిన ఆక్సీకరణ నుండి కణాన్ని కాపాడే అడ్డుకట్టగా గ్లూటాథయోన్‌కు కొత్త పాత్ర లభించింది.

ఈ రెండు ఫలితాలను ఎట్లా సమన్వయించాలి? టెక్సస్ బృందం ప్రయోగాలు తప్పని ఎవరూ కొట్టివేయనక్కరలేదు. ఫ్లేవిన్ మోనోఆక్సిజనేజ్ తొలగించిన కణం ఇబ్బందిపడింది గాని బతికింది. ఎరో1 తొలగించిన కణం బతకలేదు. సహాయకునికీ ఆధారానికీ మధ్య తేడా ఇదే. ఆ ఎంజైము కణపు గ్లూటాథయోన్ సమతుల్యంలో పాలుపంచుకోవచ్చు, కష్టకాలంలో కొంత ఆదుకోవచ్చు. ప్రధాన మార్గం మాత్రం దానిమీదుగా పోవడం లేదు. తరువాతి సమీక్షా వ్యాసాలలో ఆ ఎంజైము ప్రస్తావన పలచబడడానికి ఇదే కారణం. అయితే దానిని చరిత్ర నుండి పూర్తిగా తుడిచివేయడం కూడా న్యాయం కాదు. ఎలక్ట్రాన్లు చివరికి ఫ్లేవిన్ ద్వారా ఆమ్లజనికి చేరుతాయన్న మౌలికమైన ఊహలో ఆ బృందం సరిగానే ఉంది. ఏ ఫ్లేవిన్ ప్రోటీన్ అన్న దగ్గరే వారి దారి వేరైంది.

ఎలక్ట్రాన్ల బాట

2000లో బెంజమిన్ టు, వైస్‌మన్, వారి సహచరులు శుద్ధిచేసిన ఎరో1, పి.డి.ఐ., ఎఫ్.ఎ.డి. అనే ఫ్లేవిన్ అణువు కలిపి, గ్లూటాథయోన్ ప్రసక్తి లేకుండానే రైబోన్యూక్లియేజ్‌కు గంధక బంధాలు ఏర్పడేలా చేశారు. ఆన్ఫిన్సెన్ వాడిన ప్రోటీనే మళ్లీ రంగంమీదికి వచ్చింది. ఎఫ్.ఎ.డి. తయారీకి ముడిసరుకు రైబోఫ్లేవిన్, అనగా బి2 విటమిన్. ఆ విటమిన్ అందకుండా చేసిన ఈస్ట్‌లో గంధక బంధాలు కుంటుపడ్డాయి. 2002లో అదే బృందం ఎఫ్.ఎ.డి. నుండి ఎలక్ట్రాన్లు ఆమ్లజనికి చేరుతాయని నిరూపించింది.

దీనితో బాట స్పష్టమైంది. కొత్త ప్రోటీన్ తన రెండు ఎలక్ట్రాన్లను పి.డి.ఐ.కి ఇస్తుంది. పి.డి.ఐ. వాటిని ఎరో1లో కదిలే ఒక భాగంపై ఉన్న 100, 105 స్థానాల సిస్టీన్ల జతకు అందిస్తుంది. ఆ జత లోపలికి వంగి 352, 355 స్థానాల జతకు ఇస్తుంది. దానికి ఆనుకొని ఉన్న ఎఫ్.ఎ.డి. వాటిని తీసుకొని ఆమ్లజనికి అప్పగిస్తుంది. 2004లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థకు చెందిన డెబొరా ఫాస్ బృందం, కైజర్‌తో కలిసి ఎరో1 స్ఫటిక నిర్మాణాన్ని ప్రకటించినప్పుడు ఈ సిస్టీన్ల అమరిక కంటికి కనిపించింది. ఒక్కొక్క బంధానికి ఒక హైడ్రోజన్ పెరాక్సైడ్ అణువు పుడుతుందని 2006లో తేలింది. పెరాక్సైడ్ కణానికి హాని చేయగలదు. ఎరో1 అదుపు తప్పి పనిచేయకుండా దానిలోనే మరికొన్ని గంధక బంధాలు తాళాలుగా ఉన్నాయనీ, జాలకంలో ఆక్సీకరణ తగ్గినప్పుడే అవి విడిపోయి ఎంజైమును పనిలోకి దింపుతాయనీ 2007లో కైజర్, ఫాస్ బృందాలు కలిసి చూపాయి. గంధక బంధాలను తయారుచేసే ఎంజైమును అదుపుచేసేదీ గంధక బంధమే.

ఈస్ట్ జాలకంలో ఎర్వ్2 అనే రెండవ ఫ్లేవిన్ ఆక్సిడేజ్ కూడా ఉందని 2001లో తెలిసింది. దానిని అధికంగా తయారుచేయిస్తే ఎరో1 లేని లోటు తీరుతుంది. మైటోకాండ్రియాలో ఎర్వ్1, మియా40 అనే జంట ఇటువంటి పనే చేస్తుందని 2005 నాటికి స్థిరపడింది.

టీకాకూ ఈ రసాయనానికీ

ఈ అన్వేషణ సాగుతున్న కాలంలోనే తెలుగునేలపై ఈస్ట్ మరొక విధంగా ప్రజాజీవితంలోకి వచ్చింది. 1997లో హైదరాబాదుకు చెందిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ దేశంలోనే తొలిసారిగా పునస్సంయోజక పద్ధతిలో తయారుచేసిన హెపటైటిస్-బి టీకాను విడుదల చేసింది. దానికి పికియా పాస్టోరిస్ అనే ఈస్ట్ జాతిని వాడారు. ఆ టీకాలోని ఉపరితల ప్రోటీన్ సిస్టీన్లు దండిగా గలది. దాని కణికలు గంధక బంధాలతో బిగిసి ఉంటాయి. రొట్టె ఈస్ట్‌లో తయారైన ఈ ప్రోటీన్‌కు కణం లోపల గంధక బంధాలు సరిగా పడవనీ, వెలికితీసి శుద్ధిచేసే దశలో వాటిని ఏర్పరచుకోవలసి వస్తుందనీ టీకా పరిశోధకులు 1980లలోనే గమనించారు. మూడు గంధక బంధాలు గల ఇన్సులిన్‌ను ఈస్ట్‌లో తయారుచేసేవారికీ బంధాల అమరిక కీలకమే. ఎరో1, పి.డి.ఐ. జన్యువులను ఎక్కువగా పనిచేయించి దిగుబడి పెంచే ప్రయత్నాలకు 1998 తరువాత పునాది దొరికింది.

ఈస్ట్ దాటిన తరువాత

మానవులలో ఎరో1కు ఆల్ఫా, బీటా అనే రెండు రూపాలున్నాయి. ఈస్ట్‌లో ప్రాణాధారమైనది కాబట్టి ఈ రెండూ లేని ఎలుక పుట్టదనే అంచనా. కానీ 2010లో ఎస్టర్ జీటో, డేవిడ్ రాన్, వారి సహచరులు ఆ రెండూ లోపించిన ఎలుకలు బతుకుతాయని చూపారు. ఇన్సులిన్ తయారీలో లోటు కనిపించింది గాని ప్రాణానికి ముప్పు రాలేదు. పెరాక్సీరెడాక్సిన్ 4 అనే మరొక ఎంజైము హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను వాడుకొని గంధక బంధాలను ఏర్పరచగలదని అదే సంవత్సరం తేలింది. ఎరో1 వదిలిన వ్యర్థాన్నే అది పెట్టుబడిగా మార్చుకుంటుంది. ఈస్ట్ నుండి నేర్చిన నియమాన్ని యథాతథంగా పైజీవులకు వర్తింపజేయడంలో ఉన్న పరిమితిని ఈ ఫలితం గుర్తుచేసింది.

ఈస్ట్‌లోనే ఒక చిక్కు మిగిలింది. చివరి గ్రహీత ఆమ్లజని అయితే, గాలి చొరని చోట పెరిగే ఈస్ట్ ఏం చేస్తుంది? మూతవేసిన పులిసే పాత్రలో ఆమ్లజని త్వరగానే అయిపోతుంది. ఈస్ట్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది, గంధక బంధాలు గల ప్రోటీన్లను తయారుచేస్తూనే ఉంటుంది. ఓ.ఎస్.ఎం.1, ఎఫ్.ఆర్.డి.1 అనే ఫ్యూమరేట్ రిడక్టేజ్ జన్యువులు రెండూ లోపించిన ఈస్ట్ ఆమ్లజని లేనిచోట పెరగలేదన్న సంగతి పూర్వమే తెలుసు. దానికీ ఎరో1కూ గల సంబంధం 2018లో బయటపడింది. ఓ.ఎస్.ఎం.1 ప్రోటీన్ కొంతభాగం అంతర్జీవద్రవ్యజాలంలోకి చేరుతుంది. విడిగా తిరిగే ఎఫ్.ఎ.డి. ద్వారా గాని, నేరుగా గాని ఎరో1 నుండి ఎలక్ట్రాన్లను అందుకొని ఫ్యూమరేట్‌కు ఇచ్చి దానిని సక్సినేట్‌గా మార్చగలదు. ఆమ్లజని లేనప్పుడు ఆ రెండు ఎలక్ట్రాన్లు పోయే దారి అది.